మొగలిలంక లైను

"మా చెల్లెల్ని నేను ఒప్పిస్తానని ఏ ధైర్యంతో చెప్పొచ్చావన్నయ్యా?"

నిలోఫర్ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే షాకిర్‌కి కాస్త తేలికయ్యేది. తింటున్న పెసరట్టు సగంలో వదిలేసి, చున్నీ కొసతో వేళ్లు తుడుచుకుంటూ వచ్చి అన్న ఎదురుగా నిలబడింది.

"చెప్పాను. గూడెంలో కంపెనీవాళ్ల ఆఫీసులో అంతమంది కూర్చుని అడుగుతుంటే ఏం చెప్పమంటావు? మా ఇంట్లో ఎవరి మాట వాళ్లదేనండీ అని లేచి రమ్మంటావా?"

"అవును. నిజం అదే కదా!"

వంటింటి గుమ్మంలో తల్లి కమరున్నీసా అట్లకాడ పట్టుకుని అలాగే ఉండిపోయింది. కిటికీ దగ్గర కుర్చీలో తండ్రి అబ్దుల్ హమీద్ పేపరు చదువుతున్నాడు. చదువుతున్నాడన్న మాటే గాని, కొడుకు ఇంట్లోకి వచ్చినప్పటినుంచి పేజీ తిరగలేదు.

"ఒక్కసారి నేను చెప్పేది విను నిలూ." షాకిర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నీ సిరీస్ తీసుకున్న తెరచాప యాప్ ఇంక పాతవాళ్లది కాదు. ఫోన్ కంపెనీ కొనేసింది. సిమ్ములమ్మేవాళ్లే ఇప్పుడు బొమ్మలు తీయిస్తున్నారు, తీయించినవి తమ సిమ్మున్నవాళ్లకే చూపిస్తామంటున్నారు. మనం వద్దంటే ఆగుతుందా? సంతకం పెడితే రెండో భాగం నువ్వే తీస్తావు. మన ఏలూరు నుంచి కొల్లేటి దాకా వాళ్ల ఫైబర్ పని నా చేతికొస్తుంది. రెండూ ఒకే మాట మీద అవుతాయి."

"ఆ ఒక్క మాటా నా సంతకం."

"అవును."

"సంతకం పెడితే మన కేబుల్ మీద గౌరమ్మని వేసుకునే హక్కు పోతుంది. అది చెప్పవేం?"

షాకిర్ ప్లేటు వంక చూశాడు.

మొదటి భాగం తెరచాపకి ఇచ్చినప్పుడు ఆ ఒక్క హక్కునూ నిలోఫర్ తన దగ్గరే అట్టేపెట్టుకుంది. తండ్రి నడిపే లోకల్ చానల్లో వెయ్యాలని ఆమె పట్టుదల. చేపలమ్ముకుంటూ కూతుర్ని నర్సు చదివించిన ఓ మనిషి కథ 'గట్టుమీది గౌరమ్మ'. తీసింది కొల్లేటి నడుమ మొగలిలంకలో. నటించింది ఆ ఊరివాళ్లే. విశాఖలో చూశారు, హైదరాబాదులో చూశారు, అరవంలోకి మార్చుకుని మద్రాసులో కూడా చూశారు. మొగలిలంకలో మాత్రం ఇప్పటిదాకా ఎవరూ సరిగ్గా చూడలేదు. ఆ ఊరి ఫోన్లలో మాట వినపడడమే గొప్ప, బొమ్మ కదలదు. ఆ ఊరికి వెళ్లేది హమీద్ గారి కేబుల్ ఒక్కటే. వచ్చే శుక్రవారం నుంచి గౌరమ్మని వేస్తానని హమీద్ స్వయంగా టీవీలో చెప్పాడు.

"పవర్‌పేటలో నేను ఒక ఇంటి పోలెక్కి దిగేలోగా ఇంకో ఇంటివాళ్లు ఫోన్ చేస్తున్నారు," షాకిర్ మెల్లగా అన్నాడు. "కేబుల్ విప్పేసుకోండి బాబూ, మాకు ఫైబర్ వచ్చేసిందీ అని. ఈ ఊళ్లో ప్రతి సందులోనూ వైరు నా చేత్తో లాగాను. ఇప్పుడు నా చేత్తోనే విప్పుతున్నాను. నువ్వు సిరీస్ తీస్తావు, స్టేజీ మీద శాలువా కప్పుతారు. వైరు లాగినవాడి పేరు ఎక్కడన్నా వేస్తారా?"

కమరున్నీసా కొడుకు మొహంలోకి చూసింది. వీడిలో ఇంత మాట ఇన్నాళ్లుగా ఉందా అన్నట్టు చూసింది.

"నీ పని తక్కువని నేనెప్పుడన్నా అన్నానా అన్నయ్యా?"

అంతలో గేటు తీసిన చప్పుడైంది.

"అమ్మగారండీ... ఉన్నారాండీ?"

వెంకటలక్ష్మి. మొగలిలంక నుంచి వచ్చింది. చేతిలో తడిగుడ్డ కప్పిన బుట్ట. గౌరమ్మగా ఊరూరా జనం గుర్తుపడుతున్నది ఈమెనే. ఈమధ్య ఆమె నడకలో ఓ తీరు వచ్చింది. తల కాస్త ఎత్తి, ఎవరు పలకరించినా ఆగి సమాధానం చెప్పేటట్టు నడుస్తోంది.

"రా వెంకటలక్ష్మీ, రా. ఎండన పడి వచ్చావు," అంటూ కమరున్నీసా బుట్ట అందుకుంది.

"కొరమేనండి. సాయిబుగారికి ఇష్టమని తెచ్చాను." వెంకటలక్ష్మి గడప పక్కన కుర్చీలో కూర్చుంది. ఒకప్పుడు ఈ ఇంట్లో కుర్చీ చూపించినా అరుగుమీదే కూర్చునేది. "బస్సులో ఓ కాలేజీ పిల్ల లేచి సీటిచ్చిందండి. గౌరమ్మగారూ, మీ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందా అని అడిగింది. నాకసలు అమ్మాయే లేదమ్మా, ముగ్గురూ మగపిల్లలే అంటే నమ్మదే!"

నిలోఫర్ నవ్వింది. పొద్దున్నుంచీ ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

వెంకటలక్ష్మి మాత్రం నవ్వు ఆపేసి చీర కుచ్చెళ్లు సర్దుకుంది. "ఒక మాట అడుగుదామని వచ్చానండి. శుక్రవారం మా ఊళ్లో గౌరమ్మ రాదంట కదా? కైకలూరులో ఎవరో అన్నారంట. ఇంక ఆ కంపెనీ సిమ్మున్నోళ్లకేనంట. మా మరిది నవ్వుతున్నాడండి. ఊరందరికీ కనపడ్డావు గాని మన ఊరికి కనపడవులే వదినా అంటున్నాడు."

నిలోఫర్ అన్నవైపు చూసింది. షాకిర్ నేల చూపులు చూస్తున్నాడు.

అప్పుడు పేపరు మడిచిన చప్పుడైంది.

"రాదని ఎవరన్నారమ్మా?" అన్నాడు హమీద్. "వస్తుందని నేను చెప్పాను. నేను టీవీలో కూర్చుని చెప్పిన మాట ఇప్పటిదాకా ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు."

"ఆయ్, అదే చెప్పానండి మా మరిదికి. సాయిబుగారు చెప్పారంటే చెప్పినట్టేరా అని."

"నాన్నా!" షాకిర్ లేచాడు. ఇంకేదో అనబోయి, వెంకటలక్ష్మి ముందు అనలేక, మేకుకున్న బండి తాళం తీసుకుని బయటికి నడిచాడు.

నిలోఫర్ చెప్పులేసుకుని వెనకాలే వెళ్లింది. "ఎక్కడికి?"

"లంకకి. లైను కంప్లైంటుంది."

ఆమె అడక్కుండానే బండి వెనక ఎక్కి కూర్చుంది. అతను దిగమనలేదు.

*

ఊరు దాటాక రోడ్డుకి రెండువైపులా చేపల చెరువులు. చెరువుల్లో గాలి చక్రాలు తిరుగుతూ నీళ్లు చిమ్ముతున్నాయి. గట్టు రోడ్డు మొదలయ్యేచోట షాకిర్ బండి నెమ్మది చేశాడు.

అక్కణ్ణుంచి తీగ వాళ్లతో పాటే వచ్చింది. గట్టు పొడుగునా పాతిన తాటి దుంగల మీదుగా నల్లటి కేబుల్. ఒకచోట గట్టు తెగి, బండిని బల్లకట్టు మీద నీళ్లు దాటించాలి. అక్కడ కేబుల్ కిందికి వంగి మళ్లీ పైకి లేచి అవతలి ఒడ్డున దుంగని అందుకుంది.

"ఇది ఎలా లాగావన్నయ్యా?" నిలోఫర్ ఉండబట్టలేక అడిగింది. షూటింగుకి ఈ దారిన ఎన్నోసార్లు వచ్చింది. తల ఎత్తి ఈ తీగని చూడ్డం ఇదే మొదలు.

"దోనెలో నిలబడి. తుపానుకి దుంగలన్నీ పడిపోయినప్పుడు. లంకవాళ్లే దోనె పట్టుకున్నారు, నేను తీగ పట్టుకున్నాను. పడ్డాను కూడా రెండుసార్లు." షాకిర్ మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది. "ఈ లైను వెయ్యొద్దన్నారు అందరూ. నాన్నగారు ఒక్కరే వెయ్యమన్నారు."

లంకలో బడి వరండా కడుగుతున్నారు. అక్కడ కుర్చీ వేసుకుని పనులు పురమాయిస్తున్న బాలస్వామి వీళ్లని చూసి లేచొచ్చాడు. సిరీస్‌లో గౌరమ్మ మామగారి వేషం ఆయనదే. ఆ వేషానికి పెంచిన మీసం ఇంకా తీసెయ్యలేదు.

"రండి రండి! శుక్రవారం ఇక్కడేనండి. పెద్ద టీవీ కైకలూరు నుంచి వస్తోంది. ఆడోళ్లకి ఇటు, మగోళ్లకి అటు అన్నాను. వెంకటలక్ష్మి ఒప్పుకోవట్లేదు. మా ఇంటాయన పక్కనే కూర్చుని చూస్తాను, నా సినిమాకి ఆయనెలా మొహం పెడతాడో చూడాలంటోంది." ఆయన షాకిర్ భుజం మీద చెయ్యేశాడు. "అబ్బాయ్, లైను మాత్రం ఆ పూట తెగకుండా చూడు బాబూ. నా పరువు నీ చేతిలో ఉంది. నా మనవలు భీమవరం నుంచి వస్తున్నారు."

షాకిర్ నోరు తెరిచాడు. ఏదో చెప్పాలి. చెప్పడానికే వచ్చాడేమో కూడా. నిలోఫర్ అతని వంకే చూస్తోంది.

"చూస్తానండి," అన్నాడు చివరికి.

వెనక్కి వచ్చేటప్పుడు ఆ తెగిన గట్టు దగ్గర బండి ఆపేశాడు. దిగి నీళ్ల వైపు నడిచాడు.

"వాళ్ల ఆఫీసులో గోడకి మ్యాపు పెట్టారు నిలూ. ఫైబర్ ఎక్కడెక్కడికి వెళ్తుందో ఎర్రగీతలు. ఈ గట్టు మొదట్లో గీత ఆగిపోయింది. ఇక్కడి పాత కేబులంతా నేను విప్పెయ్యాలి. లంకకి కొత్తది రాదు. అదేంటండీ అనడిగాను. అక్కడేం మిగులుతుందండీ మనకి అన్నారు."

"నువ్వేమన్నావు?"

"టీ తాగాను."

నిలోఫర్ అతని పక్కకి వచ్చి నిలబడింది. దూరంగా ఒక దోనె తీగ కిందనుంచి వెళ్తోంది. దోనెలో మనిషి తీగ తగలకుండా అలవాటుగా తలొంచి, మళ్లీ ఎత్తాడు.

"ఫైబర్ అయితే నువ్వు లాగగలవా ఇక్కడికి?" అడిగింది.

"నేనా?" షాకిర్‌కి కోపం వచ్చినంత పనైంది. "నేను కాకపోతే ఇంకెవడు లాగుతాడు?"

ఆమె నవ్వింది. కాసేపటికి అతనూ నవ్వాడు.

*

సాయంత్రం కంపెనీ తరఫున ఇందుజ వచ్చింది. జంగారెడ్డిగూడెం అమ్మాయి. నిలోఫర్ కన్నా రెండుమూడేళ్లు పెద్దదేమో. చేతిలో ఫైలుంది గాని దాన్ని వెంటనే తెరవలేదు.

"పని మాటలకి ముందు ఒక సంగతి చెప్పనివ్వండి. గౌరమ్మని మా అమ్మ చూసిందండి. కూతురు నర్సు డ్రెస్సులో బస్సు దిగే చోటు ఉంది చూడండి, అది చూశాక నాకు ఫోన్ చేసింది. చేసి ఏమీ మాట్లాడలేదు. ఊరికే ఫోను పట్టుకుని ఉండిపోయింది. అలాంటిది మా కంపెనీలోకి వస్తోందంటే నాకు గర్వంగా ఉందండి."

"మాకూ గర్వంగానే ఉందమ్మా," అన్నాడు హమీద్. "కూర్చో."

నిలోఫర్ మాట్లాడబోయింది. షాకిర్ ఆమెకన్నా ముందే అందుకున్నాడు.

"మేడం, గూడెంలో నేనన్న మాట ఒకటి వెనక్కి తీసుకుంటున్నానండి. మా చెల్లెల్ని ఒప్పించడం నా పని కాదు. తన సంగతి తను చెప్తుంది. నా సంగతి నేను చెప్తాను. ఫైబర్ ముందు మొగలిలంకకి వెళ్లాలి. ఆ తర్వాతే మిగతా ఊళ్లు. అలాగైతే పని చేస్తాను. కాదంటే ఇంకొకరిని చూసుకోండి."

ఇందుజ కలం పక్కన పెట్టింది. "షాకిర్ గారూ, ఆ లంకలో ఉన్నవి కాసిని ఇళ్లు..."

"మీ సిరీస్ పుట్టింది ఆ కాసిని ఇళ్లలోనే కదండీ. ఇళ్లు చూపించారు, మనుషుల్ని చూపించారు, వాళ్ల వంట చూపించారు. అది వాళ్లకే కనపడకుండా తీగ కత్తిరించి రమ్మంటే నా చెయ్యి రాదండి."

"నాదీ అదే మాట," అంది నిలోఫర్. "లంకలో కనపడకపోతే రెండో భాగం లేదు."

హమీద్ కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడిచాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. కమరున్నీసా మొగుడి మొహం చూసి, వెంటనే తల తిప్పేసుకుని, అక్కర్లేకపోయినా టీ కప్పులు సర్దింది. అన్నాచెల్లెళ్లు ఒకే మాట మీద నిలబడి ఎన్నాళ్లయిందో! తండ్రి పోలికే ఇద్దరికీ. ఆ సంగతి పైకి అంటే ముగ్గురూ ఒప్పుకోరు.

ఇందుజ ఫోను తీసుకుని వరండాలోకి వెళ్లింది. అద్దం తలుపు అవతల అటూ ఇటూ నడుస్తూ మాట్లాడింది. ఒకసారి గొంతు పెంచింది. "నేను వీళ్లతో మాట్లాడే చెప్తున్నాను సార్," అన్న ముక్క లోపలికి వినిపించింది. కమరున్నీసా ఆ పిల్ల వైపు మెచ్చుకోలుగా చూసింది.

తిరిగి లోపలికి వచ్చినప్పుడు ఆమె మొహం ఎర్రబడి ఉంది.

"ఒప్పుకున్నారండి. లంకకి లైను వేస్తారు. ముందు అదే. శుక్రవారం బడి దగ్గర మీ కేబుల్ మీదే వేసుకోండి, మేమేం అనం."

షాకిర్ చెల్లెలి చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. నిలోఫర్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒక్కటి మాత్రం..." ఇందుజ హమీద్ వైపు తిరిగింది. "మా ఫైబర్ వచ్చేచోట ఇంకో లోకల్ చానల్ ఉండకూడదంటున్నారండి. శుక్రవారం తర్వాత మీ చానల్ మూసెయ్యాలి. ఆ షరతు ఒప్పుకుంటేనే మిగతావన్నీ. సంతకం కూడా ఈ పూటే కావాలన్నారు. నేను చాలా చెప్పి చూశాను."

హమీద్ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

రేడియోలు బాగుచేసే కొట్టు అమ్మేసి, మేడమీద డిష్షు నిలబెట్టి మొదలుపెట్టిన చానల్ అది. ఏ వీధికి నీళ్లు రావో, ఎవరి పిల్లవాడు తప్పిపోయాడో, చేపల మార్కెట్లో రేటెంతో హమీద్ ప్రతి సాయంత్రం తానే కూర్చుని చెప్తాడు. బుడమేరు పొంగి ఊళ్లు మునిగినప్పుడు ఏ రోడ్డు తెగిందో, ఏ రోడ్డు ఉందో చెప్తూ కుర్చీలోనే కునుకు తీశాడు. పెళ్లికి వెళ్లినా వార్తల టైముకి లేచి వచ్చేస్తాడు.

"వద్దు నాన్నా," అంది నిలోఫర్. "ఇంక వద్దు. నేను సంతకం పెట్టను."

"అవునండి నాన్నా. నాకీ పని వద్దు," అన్నాడు షాకిర్.

హమీద్ ఇద్దర్నీ చూశాడు. చిన్నప్పుడు వాళ్లు ప్రైజు తెచ్చుకుంటే ఎలా చూసేవాడో అలా చూశాడు.

"వార్తల టైమైంది," అని లేచాడు.

"ఏవండీ..." కమరున్నీసా ఒక అడుగు ముందుకేసింది.

"వచ్చి చెప్తాను." ఆయన చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని మేడమెట్లు ఎక్కి వెళ్లిపోయాడు.

ఇందుజ ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నేను వెళ్లి రేపు రానాండీ?"

"కూర్చోమ్మా." కమరున్నీసా టీవీ పెట్టింది. "ఆయన మనసులో మాట ముందు ఊరికి చెప్తారు. తర్వాతే మాకు."

తెరమీద హమీద్ కనిపించాడు. పైన కెమెరా చూసే ఏసుకుమార్ ఎప్పటిలాగే లైటు ఓ పక్కకి ఎక్కువ పెట్టాడు. నీళ్ల సరఫరా అయింది. జూట్ మిల్లు రోడ్డులో గుంత పూడ్చిన సంగతి అయింది. పెదపాడు పిల్లకి ఖోఖోలో వచ్చిన కప్పు గురించి కాస్త ఎక్కువసేపే చెప్పాడు. తర్వాత కాగితాలు పక్కన పెట్టేశాడు.

"ఇన్నేళ్లూ మీ ఇళ్ల వార్తలు చెప్పాను. ఇవాళ మా ఇంటి వార్త ఒకటి చెప్తాను." కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నాడు. "మా అమ్మాయి తీసిన గౌరమ్మ కోసం పెద్ద కంపెనీ మా ఇంటికొచ్చింది. మా అబ్బాయి మొగలిలంకకి ఫైబర్ వెయ్యందే పని ముట్టుకోనన్నాడు. కంపెనీ సరేనంది. ఇలాంటి పిల్లలు ఉన్నందుకు నేను ఈ ఊళ్లో తలెత్తుకుని తిరుగుతాను. దానికి బదులుగా ఈ చానల్ మూసెయ్యమన్నారు."

షాకిర్ టీవీకి దగ్గరగా వెళ్లి నిలబడ్డాడు. నిలోఫర్ తల్లి భుజం పట్టుకుంది.

"నా పిల్లల కోసమైతే ఇప్పుడే మూసేస్తాను. కానీ ఇది నా ఒక్కడిది కాదు. వరదలో నేను చెప్పిన మాట విని ఇళ్లలోంచి బయటికొచ్చినవాళ్లది. ఉంచమంటారా, మూసెయ్యమంటారా? కింద మా నంబరుంది. చెప్పండి."

హమీద్ కెమెరా వంకే చూస్తూ చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఇంట్లో ఫోను మోగింది. అది మోగుతుండగానే షాకిర్ జేబులో ఫోను మోగింది. ఆ వెంటనే నిలోఫర్‌ది.

కమరున్నీసా మొదటి ఫోను తీసింది. "ఆ, చెప్పండి... ఎవరూ? ఎప్పుడు చేరావు ఇంటికి?... ఉందమ్మా, ఇక్కడే ఉంది." రిసీవరు చేత్తో మూసి ఇందుజ వైపు చాపింది. "నీతోనే మాట్లాడతానంటోంది."

"నాతోనాండీ? ఎవరు?"

కమరున్నీసా చెప్పలేదు. ఇందుజ ఫోను అందుకుని చెవి దగ్గర పెట్టుకుంది. అవతలి గొంతు రెండు మాటలు అందో లేదో, ఒళ్లో ఫైలు జారి కింద పడింది. ఆమె దాన్ని తీసుకోలేదు. కూర్చున్నదల్లా లేచి నిలబడింది.

"గౌరమ్మగారా?" అంది. "చెప్పండి. వింటున్నాను."